జేబులో పట్టే వెలుతురు

ఇనప గొట్టాల యార్డులో కాపలా ఉద్యోగం చేసే ఆయనకు తోటివాళ్లు పెట్టిన పేరు కునుకు. మొదట్లో చాటుగా అనుకునేవాళ్లు, తర్వాత మొహం మీదే పిలవడం మొదలుపెట్టారు. ఒకరోజు హాజరు చదివే గుమాస్తా పొరపాటున ఆ పేరే చదివితే, ఈయన కూడా పొరపాటున పలికాడు. దాంతో ఆ పేరు ఖాయమైపోయింది.

ఆయన పని కెమెరాల గదిలో. పన్నెండు తెరల ముందు కూర్చుని, ఏ తెరలోనూ ఏమీ జరగకపోవడాన్ని ఎనిమిది గంటలపాటు చూడాలి. మెలకువగా ఉండి ఆ పని చేయగలిగినవాడు మనిషి కాదని ఆయన నమ్మకం. రెండుసార్లు దొరికిపోయాడు. రెండోసారి దొరకడం మరీ అన్యాయం. పన్నెండో కెమెరా ఉన్నది ఆ గదిలోనే. ఆయన గుర్రు పెట్టడం పన్నెండో తెర మీద శుభ్రంగా కనిపిస్తూనే ఉంది, చూసుకోవడానికి ఆయన మేలుకుని లేడంతే.

మూడోసారి నిద్రపోతే ఉద్యోగం ఊడుతుందని కాపలావాళ్ల మీద అధికారి కాగితం రాయించి సంతకం పెట్టించుకున్నాడు. ఆ అధికారిని అందరూ కెప్టెన్ అంటారు. ఆ కాగితం చదువుతుంటే కూడా ఈయనకు ఆవలింత వచ్చింది.

అలాంటి సమయంలో బయట గస్తీకి ఒక పెద్దను వేస్తారని తెలిసి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. కూర్చుంటే నిద్ర వస్తుంది గానీ, నడిచేవాడికి నిద్ర ఎక్కడిది? ఆ పోస్టు దొరికితే బతికిపోతాడు. దొరక్కపోతే తిరిగి పన్నెండు తెరలు, వాటి వెనకే మూడో కునుకు, దాని వెనకే ఇంటిదారి.

పోస్టుకు ఏడుగురు పేర్లిచ్చారు. శుక్రవారం పొద్దుగూకాక యార్డులో ఒక మనిషిని దాస్తారు, ఒక్కొక్కరే వెళ్లి వెతికి పట్టుకోవాలి, అదీ పరీక్ష. ఎవరి టార్చి వాళ్లే తెచ్చుకోవచ్చు. ఒకటే షరతు, అది చొక్కా జేబులో పట్టాలి. గెలిచినవాడి టార్చి లాంటివే అందరికీ ఇప్పిస్తామన్నారు.

బుధవారం ఆయన టార్చీల దుకాణానికి వెళ్లాడు. దుకాణదారు మూడు రకాలు బల్ల మీద పెట్టి, అన్నిటికన్నా చిన్నదాన్ని చేతికిచ్చి, వెనక సామాను గదిలోకి తీసుకెళ్లి నొక్కమన్నాడు. అది బొటనవేలంత ఉంది. నొక్కగానే గదంతా తెల్లబడిపోయింది. ఆ చివర మూలనున్న సాలెగూడు పోగు పోగునా మెరిసింది. గాల్లో తేలే దుమ్ము రేణువులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవచ్చు. ఆయన నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. భార్యను మొదటిసారి చూసినప్పుడు కూడా ఇంతగా కళ్లు చెదరలేదు. ఈ మాట ఇంట్లో పొరపాటున కూడా అనకూడదని అక్కడే నిశ్చయించుకున్నాడు.

తెలిసిన మనిషే కాబట్టి, రెండు రోజులు వాడి చూసి నచ్చితేనే తీసుకోమని దుకాణదారు ఇచ్చి పంపాడు.

ఆయన భార్య పెద్దాసుపత్రిలో నర్సు. వీధి వీధంతా నర్సమ్మ అనే పిలుస్తుంది. ఆ వారం ఆవిడకు పగటి డ్యూటీ పడింది. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని కూర్చోగానే, ఈయన టార్చి తీసి అరచేతిలో పెట్టి, రత్నం చూపించినట్టు చూపించాడు.

"మూడు వందల గజాల దాకా పడుతుంది దీని వెలుతురు."

"మీ యార్డు ఎన్ని గజాలు?"

"నూట ఇరవై."

"మిగతా నూట ఎనభై గజాల్లో ఉండే దొంగల్ని ఎవరికి అప్పజెపుతారు?"

ఇలాంటి మాటలకు జవాబు చెప్పడం తన స్థాయికి తగదని ఆయన టార్చిని చొక్కా అంచుతో తుడిచాడు. ఆవిడ టార్చి తీసుకుని అటూ ఇటూ తిప్పి, వెలుతురు తగ్గించుకోవచ్చా అని అడిగింది. తగ్గించొచ్చు గానీ, ఎందుకు తగ్గించాలన్నాడు. ఇంత వెలుతురిచ్చే దాన్ని తెచ్చుకుని తగ్గించి వాడటమంటే, విమానం టిక్కెట్టు కొని నడిచి వెళ్లడమేనన్నాడు.

నిజానికి ఆ ఇంట్లో టార్చి పట్టుకుని ఇరవై రెండేళ్లు నడిచిన మనిషి ఒకరున్నారు. ముప్పై రెండు మంచాల వార్డులో, ఒక్క రోగికి కూడా నిద్ర చెడకుండా, ఎవరు ఎలా ఉన్నారో చూసుకుంటూ తెల్లవార్లూ తిరిగే మనిషి. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. ఆవిడ చేసేది రోగుల పని, తనది టార్చి పని అనుకున్నాడు. మనిషికి ఎంత దగ్గరున్నది అంత ఆలస్యంగా కనిపించడం ఈయన ఒక్కడి జబ్బేమీ కాదు.

గురువారం ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. పరీక్షకు ముందు ఇంట్లోనే ఒకసారి సాధన చేస్తే సరి. దానికి ఒక దొంగ కావాలి. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆయన భార్యను అడిగినవాటిలో ఇంత కొత్త కోరిక లేదు.

"దొంగతనం కూడా చేయాలా, దాక్కుంటే చాలా?" అంది నర్సమ్మ.

దాక్కుంటే చాలన్నాడు. దొరక్కపోతే ఏమిస్తారని అడిగింది. దొరక్కపోవడమన్నది ఉండదన్నాడు. ఒకవేళ దొరక్కపోతే రేపు పరీక్షకు తీసుకెళ్లే టార్చి తాను ఎంచుతానంది. ఆయన నవ్వుతూ సరేనన్నాడు.

పెరడు పెద్దదే. నీళ్ల డ్రమ్ము, బట్టలుతికే బండ, తీగ మీద ఆరేసిన ఆరు దుప్పట్లు, ఆ చివర గోడకు ఆనించిన పాత తలుపులు. దాక్కోవాలంటే చోటుకు కొదవ లేదు. చీకటి పడగానే ఆయన వంటింటి గోడకు మొహం పెట్టి వంద లెక్కపెట్టి, గుమ్మం దాటి టార్చి నొక్కాడు.

పెరడు మిట్టమధ్యాహ్నమైపోయింది. ఆ గర్వంతో ఆయన వెలుతురును నేరుగా దుప్పట్ల మీదికి తిప్పాడు. తెల్ల దుప్పట్లు ఆ వెలుగునంతా పోగుచేసి ఆయన కళ్లలోకే విసిరాయి. ఆ తర్వాత కాసేపు ఆయనకు ఆకుపచ్చ చుక్కలు తప్ప ఏమీ కనిపించలేదు. డ్రమ్ముకు మోకాలు కొట్టుకుంది. తూలి పడబోతూ చెయ్యి ఎత్తితే, వెలుతురు పోయి పక్కింటి మాస్టారి కిటికీలో పడింది.

మాస్టారు చెదిరిన కళ్లు నులుముకుంటూ, గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. నిప్పు ఎక్కడ అంటుకుందని అడిగారు. ఏమీ అంటుకోలేదని, మా ఆవిడ కోసం వెతుకుతున్నానని ఈయన చెప్పాడు. మాస్టారు గొంతు తగ్గించి, ఏమైనా మాటా మాటా అనుకున్నారా అని అడిగారు. లేదు, నేనే వెళ్లమన్నానని ఈయన అన్నాడు. అది విన్నాక మాస్టారి మొహంలో జాలి పోయి కోపం వచ్చింది. అయినా పెద్దమనిషి కాబట్టి వెతకడానికి తానూ వస్తానన్నారు.

ఇద్దరూ కలిసి బండ వెనక, దుప్పట్ల మధ్య, తలుపుల సందుల్లో వెతికారు. డ్రమ్ములో కూడా గొడుగు పెట్టి కలిపి చూశారు. ఈలోగా టార్చి చెయ్యి కాలేంత వేడెక్కి, దానంతటదే సగానికి సగం తగ్గిపోయింది. ఈయన దాన్ని విదిలించాడు, బతిమాలాడు. పదిహేను నిమిషాలకు ఓడిపోయానని గట్టిగా ఒప్పుకున్నాడు.

"ఇక్కడే ఉన్నాను," అన్న మాట మూరెడు దూరంలో, సరిగ్గా ఆయన వీపు వెనక వినిపించింది.

మాస్టారి చేతిలోంచి గొడుగు జారిపోయింది. ఎక్కడ దాక్కున్నావని ఈయన అడిగాడు.

"ఎక్కడా దాక్కోలేదండీ. గుమ్మం దగ్గర్నుంచి మీ వెనకాలే తిరుగుతున్నాను. మీ వెలుతురు పడని చోటు అదొక్కటే కదా."

ఇప్పుడు మీరు దాక్కోండని భర్తతో అని, మీరే సాక్షి అని మాస్టారిని నిలబెట్టి, ఆవిడ లోపలికెళ్లింది. ఈయనకు పౌరుషం వచ్చింది. డ్రమ్ము చుట్టూ రెండుసార్లు తిరిగి, బండ ఎక్కి దిగి, దుప్పట్ల కిందనుంచి వెళ్లి పాత తలుపుల వెనక నక్కాడు. సందులోంచి చూస్తూ కూర్చున్నాడు.

నర్సమ్మ బయటికొచ్చింది. ఆవిడ చేతిలో ఉన్నది వార్డులో వాడే పెన్నులాంటి టార్చి. దాని వెలుగుకు కూడా వేళ్లు సగం అడ్డం పెట్టి, మోకాలి ఎత్తున, పక్కకు వంచి పట్టుకుంది. పెరట్లో ఎటూ వెతకలేదు. నేల వంక మాత్రం చూసింది.

ఆ వెలుతురు నేల మీద వాలగానే ఆయన సందుకు కన్ను ఆనించాడు. ఇరవై ఆరేళ్లుగా తాను తొక్కుతున్న చదునైన నేల చదునుగా లేదు. ప్రతి గులకరాయికీ ఒక పొడుగాటి నీడ లేచింది. తన చెప్పుల గుర్తులు కాగితం మీద రాసినట్టు వరసగా కనిపించాయి. వాటి పక్కన పిల్లి పాదాలు, తడి దుప్పటి అంచు ఈడ్చుకుపోయిన గీత, దాన్ని దాటి వెళ్లే చీమల బారు. మట్టిలో ఇన్ని సంగతులు ఉన్నాయని, ఇన్నాళ్లూ తాను వాటి మీదే నడిచాడని తెలిసి ఆయన విస్తుపోయాడు. దాక్కున్న సంగతి మరిచిపోయి తల బయటికి పెట్టేశాడు.

ఆవిడ తలెత్తలేదు. గుర్తుల వెంటే నింపాదిగా వస్తోంది.

"డ్రమ్ము చుట్టూ రెండుసార్లు ఎందుకు తిరిగారు?"

"నిన్ను మోసం చేద్దామని."

"బాగా చేశారు," అంటూ వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

మాస్టారు చప్పట్లు కొట్టారు. నర్సమ్మకు అదేమీ గొప్పగా అనిపించలేదు. ఎదురుగా కొట్టే వెలుతురులో అంతా చదునైపోతుందని, పక్కనుంచి వేస్తే చిన్న గుంట కూడా నీడతో పట్టుబడుతుందని చెప్పింది. కిందపడ్డ మాత్రను, సూదిని వార్డులో అలాగే వెతుకుతారట.

"దుప్పటి మీద పక్కగా పడనిస్తే చాలు, ఊపిరి కనిపిస్తుంది. మనిషిని లేపక్కర్లేదు," అంది.

 ముప్పై రెండు మంచాలు, ముప్పై రెండు ఊపిర్లు, వాటి మధ్య ఈ పిసరంత వెలుగు. ఇంత పని తెలిసిన మనిషికి తాను నిన్న గజాల లెక్క చెప్పానని తలుచుకుంటే సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఆ చిన్న టార్చిని కూడా పట్టుకుని దుకాణానికి వెళ్లి, మూడు టార్చీలనూ కళ్లు మూసుకుని పట్టుకుని చూసింది. మొదటి నొక్కుకు చిన్న వెలుగు వచ్చి, కావాలంటేనే రెండో నొక్కుకు పెద్దది రావాలంది. కింద పెడితే దొర్లిపోకూడదంది, గంటసేపు వెలిగినా చెయ్యి కాలకూడదంది. నాలుగు పలకలుగా, బూడిద రంగులో, ఎవరూ రెండోసారి చూడని ఒక టార్చి మిగిలింది. టార్చీలు అమ్మడంలో తల నెరిసిన దుకాణదారు, ఈ ప్రశ్నలు తనకెవరూ నేర్పలేదని ఒప్పుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం, ముందుగా వెళ్లిన ఆరుగురూ యార్డును పట్టపగలు చేశారు. ఆ వెలుగు గొట్టాల మీద తగిలి వాళ్ల కళ్లనే కొట్టింది. ఒక్కరికీ మనిషి దొరకలేదు. ఏడోవాడు కునుకు. ఆయన లోపలికి వెళ్లి చిన్న వెలుగు మోకాలి దగ్గర పట్టాడు.  ఆరుగురూ తొక్కేసిన నేల మీద గుర్తులన్నీ కలగాపులగంగా ఉన్నాయి.

వెలుతురును నేల మీదనుంచి ఎత్తి గొట్టాల వెంబడి వాల్చాడు. నెలల తరబడి పేరుకున్న దుమ్ము వాటి మీద మెత్తగా పరుచుకుని ఉంది. రెండో వరసలో ఒక పెద్ద గొట్టం మీద మాత్రం నాలుగు వేళ్ల గుర్తు నీడలతో సహా లేచి కనిపించింది. ఆయన వంగి లోపలికి చూశాడు. క్యాంటీను వంటాయన ముడుచుకుని పడుకుని ఉన్నాడు. మొత్తం పట్టింది ఆరు నిమిషాలు.

కెప్టెన్ గడియారం రెండుసార్లు చూసుకున్నాడు. గస్తీ పెద్ద మీరేనన్నాడు. ఆ తర్వాత, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు.

"అనుభవం సార్," అన్నాడు కునుకు. నాలుక తనదే గానీ, ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకు తెలియదు.

కెప్టెన్ చాలా సంతోషించాడు. అయితే రేపు సాయంత్రం మిగతా ఆరుగురికీ మీరే నేర్పండి, వాళ్లడిగే సందేహాలన్నీ తీర్చండి, నేను కూడా కూర్చుంటాను అన్నాడు.

పోస్టు వచ్చిందని వినగానే నర్సమ్మ కళ్లు తుడుచుకుంది. అదేమీ దాచుకోలేదు. నెల రోజులుగా ఆ మూడో కునుకు గురించి తనకు నిద్ర పట్టలేదని చెప్పింది. ఆయన పొంగిపోయాడు. తర్వాత అన్నం ముందు కూర్చుని, ఊరికే తెలుసుకుందామని అన్నట్టు, వర్షం పడితే ఏం చూస్తారు, గచ్చు మీదైతే ఎలా పట్టుకుంటారు అని అడగడం మొదలుపెట్టాడు. నాలుగో ప్రశ్నకు ఆవిడ వడ్డించడం ఆపింది.

"ఎంతమందికి నేర్పాలి?"

"ఆరుగురికి. కెప్టెన్ కూడా వింటాడట."

"ఎవరు నేర్పారంటే ఏమని చెప్పారు?"

"అనుభవమని."

"ఎవరి అనుభవమో చెప్పలేదుగా?"

"లేదు."

"అయితే అబద్ధమేం కాదులెండి. రేపు ఆ అనుభవాన్ని వెంటబెట్టుకుని వెళ్లండి," అంది.

శనివారం సాయంత్రం నర్సమ్మ డ్యూటీ బట్టల్లోనే యార్డుకు వచ్చింది. కెప్టెన్ లేచి కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు. అడ్డూ ఆపూ లేకుండా అరిచే ఆ ఆరుగురినీ వరసగా నిలబెట్టి, ముందు నోళ్లు మూయించి, తర్వాత వెలుగులు తగ్గించింది. సాధనకు దాక్కునే మనిషి ఒకరు కావాలంది. అందరూ అందరి వంకా చూశారు. ఆవిడ ఒక్కరి వంకే చూసింది.

అలా బయట గస్తీ పెద్ద, పోస్టులో చేరిన మొదటి రోజే, ఇనప గొట్టంలో బోర్లా పడుకున్నాడు.

గొట్టం మూతిలోంచి యార్డు గుండ్రంగా కనిపిస్తోంది. మొదటి వెలుగు మోకాలి ఎత్తున బయల్దేరింది, దాని పక్కనే ఆవిడ గొంతు, తొందరపడొద్దని. నిన్నటిదాకా వట్టి ఇనుమూ మట్టీ అనుకున్న చోట నీడలు లేచి, పడుకుని, మళ్లీ లేస్తున్నాయి. టార్చి పట్టుకున్న ఆ మోటు కాపలాదారు నిద్రపోయే రోగి పక్కన నడుస్తున్నంత మెల్లిగా నడుస్తున్నాడు. తాను ఇరవై ఆరేళ్లుగా ఎవరితో కాపురం చేస్తున్నాడో ఆయనకు అక్కడ, ఆ గొట్టంలో, సరిగ్గా తెలిసొచ్చింది. తొమ్మిది నిమిషాలకు మొదటివాడు పట్టుకున్నాడు. రెండోవాడు ఏడు నిమిషాలకే పట్టుకున్నాడు.

రెండోవాడి భుజం మీదుగా నర్సమ్మ లోపలికి చూసింది.  ఆయన, అందరి ముందూ ఇదంతా మా ఆవిడ విద్యేనని చెప్పేద్దామని గొట్టంలోంచి పాకి బయటికొచ్చి, ఒళ్లంతా దుమ్ముతో, కెప్టెన్ ఎదుట నిటారుగా నిలబడ్డాడు. చెప్పేశాడు కూడా.

"ఆ సంగతి వాళ్లకు ఎప్పుడో అర్థమైంది," అంది నర్సమ్మ. "ఇంకా నలుగురున్నారు, లోపలికెళ్లండి."

గస్తీ పెద్ద మళ్లీ గొట్టంలోకి పాకాడు.