పాపకొక పిట్ట పేరు

పిల్లలకు పక్షుల పేర్లు పెట్టడాన్ని మించిన దేశసేవ లేదు! నవ్వకండి. ఇప్పుడు వరంగల్లులో ఏ గల్లీలో నిలబడి "హంసా!" అని కేకేసినా నలుగురు ఆడపిల్లలతో పాటు ఒక మేకపిల్లా పరుగెత్తుకొస్తుంది. పాత పేర్లకు ఈ వైభవం ఉందా?

నమ్మకం లేకపోతే మట్టెవాడ యోసేపుగారి సంగతి వినండి. ఆయన రిటైరైన రైల్వే గార్డు. ఆదివారం మనవరాలి బాప్తిస్మం, ఇంకా పేరు కుదరలేదు. ఎదురింటి లక్ష్మీనర్సయ్య, మగ్గం మీద చీరలు నేసే మనిషి, తన మనవరాలికి అప్పుడే రాజహంస అని పెట్టేశాడు. ఇన్నాళ్ళు మెయిలు బండికి పచ్చజెండా ఊపిన యోసేపుగారు చిన్నాచితకా పిట్టతో సరిపెట్టుకోవాలా?

ఇంట్లో పార్లమెంటు మొదలైంది. కోకిల అనగానే ఆయన భార్య లిదియమ్మ మండిపడింది. "పరాయి గూట్లె గుడ్లు పెట్టేదాని పేరా?" చిలుక అంటే పాప తండ్రి పౌలు, పెద్దయ్యాక ఆగకుండా వాగుతుందేమోనని భయపడ్డాడు. పావురం అంటే లిదియమ్మకు తమ్ముడు వండిన కూర గుర్తొచ్చి నోరూరింది, కనుక అదీ పోయింది. గద్ద అన్నది యోసేపుగారే, వెనక్కి తీసుకున్నదీ ఆయనే.

ఎంత విజ్ఞానం! నిన్నటిదాకా ఆ ఇంట్లో కూరలో ఉప్పు గురించి తప్ప చర్చే లేదు.

కోడలు మాత్రం పచ్చి బాలింత అయినా చాయ్ మీద చాయ్ అందిస్తూనే ఉంది. "ఏమే, ఇంకో కప్పు!" "ఓ పిల్లా, చక్కెర తక్కువైంది!" పాపకు తల్లే అయినా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. పిట్టల గురించి ఆమెకేం తెలుసు?

శనివారం కొత్త పాస్టరుగారు వచ్చి సమస్య విన్నారు. "బైబిల్లోనే ఉంది కదండీ! మోషే భార్య సిప్పోరా. ఆ పేరుకు అర్థం పిట్ట."

యోసేపుగారు కుర్చీలోంచి లేచారు. "వహ్వా! సిప్పోరా! గిసొంటి పేరు మా ఇంట్ల ఎన్నడన్న విన్నమా, అయ్యగారూ?"

విన్లేదంది లిదియమ్మ. పౌలు ఎందుకో దూలం వైపు చూశాడు.

చాయ్ పళ్ళెంతో కోడలు గుమ్మంలో ఆగిపోయింది. పెళ్ళినాడు చర్చిలో ఒకసారి చదివాక ఆ పేరు మళ్ళీ ఒకరి నోట వినడం ఇదే.

"గది నా పేరే, మామా."

చూశారా మేలు! పిట్ట పేరు వెతక్కపోతే ఆ ఇంట్లో కోడలికొక పేరుందన్న సంగతి బయటపడేదా?

యోసేపుగారు న్యాయం తెలిసిన మనిషి. కాసేపు గడ్డం గోక్కుని తీర్పు చెప్పారు. "ఇంకేం బిడ్డా, మంచిదే ఆయె! నువ్వెట్లనో వాడుతలేవు. ఊకెనే పడున్నది, పాపకియ్యి."

ఇచ్చేసింది. ఇప్పుడు ఆ పేరు పొద్దస్తమానం ఆ ఇంట్లో మోగుతోంది, ఎదురింటి రాజహంస వెలవెలపోయింది. అటుగా వెళితే మీకూ వినిపిస్తుంది.

"ఓ పిల్లా! సిప్పోరా ఏడుస్తాంది, జర ఎత్తుకో!"