పులి మునియప్ప తుపాకీ

నవ్వండి, ఫర్వాలేదు. ధర్మపురిలో నూనె అమ్ముకునే ఆంజనేయన్‌కు తుపాకీ ఎందుకని మీరే కాదు, నా పెళ్లాం పంచవర్ణం కూడా అడిగింది.

మా నాన్నను ఊరంతా పులి మునియప్ప అనేవారు. ఏరియూరు అడవిలో చిరుతపులిని కొట్టాడట. కొడుతుంటే చూసినవాళ్లు ఒక్కరూ లేరు, చెబుతుంటే విన్నవాళ్లు మాత్రం తాలూకా అంతా ఉన్నారు. ఆయన కొడుకునైన నాకు ఊరు పెట్టిన పేరు పుణ్ణాకు ఆంజనేయన్. నూనె తీయగా మిగిలే, పశువులకు పెట్టే చెక్కను ఇక్కడ పుణ్ణాకు అంటారు. మా దుకాణంలో అది మేలైన రకం దొరుకుతుంది, నా తప్పేమీ లేదు.

డెబ్బై ఒకటో సంవత్సరం తమిళుల ఆడి నెలలో నాన్న పోయాడు. నేను ఏడ్చాను, తర్వాత గోడకున్న తుపాకీ వైపు చూశాను. దాన్ని బాగుచేయించి, లైసెన్సు నా పేరుకు మార్పించుకుని, చేత్తో పట్టుకుని ఫోటో దిగితే పుణ్ణాకు పేరు వదులుతుందని నా పథకం.

తాలూకా ఆఫీసులో దాని తయారీ పేరూ నంబరూ రాసుకు రమ్మన్నారు. నాన్న లైసెన్సు పుస్తకాన్ని చెదలు తినేశాయి. తుపాకీ మీద చూద్దామంటే అక్షరం కనబడదు. ప్రతి ఆయుధపూజకూ మా అమ్మ మీనాక్షమ్మ, ఆమె పోయాక నాలుగేళ్లుగా పంచవర్ణం, దానికి స్నానం చేయించి గంధం, కుంకుమ పూసేవాళ్లు. ముప్పై ఏళ్ల గంధం అట్టలు కట్టేసింది. పంచవర్ణం నా మేనమామ కూతురే కాబట్టి అత్త భక్తి కోడలికి వచ్చిందనుకున్నాను.

"బావా, దాన్ని పోయి స్టేషన్లో ఇచ్చేసి రా," అంది పంచవర్ణం.

"పులిని కొట్టిన తుపాకీని పోలీసోళ్లకిచ్చేదా?"

"నీకు కాలి చెప్పు చాలు. మొన్న దాంతో కొడితే ఎలకకే తగల్లేదు."

"నోరు మూస్తావా, తుపాకీ దించమంటావా?"

కోపమొచ్చినప్పుడల్లా నేను తమాషాకు అనే మాట అది. అనగానే పంచవర్ణం మొహం పాలిపోయి, మాట ఆగిపోయేది. మొగుడంటే భయమని లోలోపల మురిసిపోయేవాణ్ణి. ఆ రోజు కూడా పాలిపోయిన మొహంతోనే, "సరే, నంబరన్నా రాసుకోని రా," అంది. గెలిచాననుకున్నాను.

తుపాకీని చాపలో చుట్టి కారిమంగళం బస్సెక్కాను. చాప చుట్టను చూసి పక్కనున్న ముసలాయన, "ఎవరప్పా పోయినారు?" అని అడిగాడు. "మా నాన్న," అన్నాను. లేచి వేరే సీటుకు పోయాడు.

కారిమంగళంలో నారాయణసామి అని, పటాలంలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి ఉన్నాడు. కిరసనాయిలు, బ్రష్షు ఇచ్చి నన్నే తోమమన్నాడు. మూడు ఆదివారాలు తోమాను. గంధం కింద ఇంకా గంధమే. ఆఖరికి అక్షరాలు తేలాయి.

"వించెస్టర్. అమెరికా సరుకు," అన్నాడు నారాయణసామి. "ట్రిగ్గరు చుట్టూ ఉండే ఈ ఇనప పిడి చూడు. దీన్ని కిందికి తోసి పైకి లాగితే పాత తూటా బయటపడి కొత్తది లోపలికి పోతాది. నీది కదలదు. ఇది వాన తుప్పు కాదు సామీ, ఉప్పు తుప్పు. సందుల్లో చింతపండు కూడా ఉండాది."

"మా ఆడోళ్లు ఇత్తడి చెంబులు తోమినట్టు తోమింటారు," అన్నాను.

అతను నా వైపు అదోలా చూసి మళ్లీ పనిలో పడ్డాడు. మూడో ఆదివారం పిడి కదిలింది. లోపలినుంచి ఒక తూటా బయటపడింది. నారాయణసామి దాని అడుగు చూపించాడు.

"ఈ గుంట చూసినావా? లోపలి సూది కొట్టినాది. ఎవరో ట్రిగ్గరు నొక్కినారు. మందు పేలలేదు."

నాకు ఒళ్లు గగుర్పొడిచింది. పులి మీదికి దూకింది, నాన్న నొక్కాడు, తూటా పేలలేదు, నాన్న అయినా బెదరలేదు! బస్సు ధర్మపురి చేరేలోపు కథంతా సిద్ధం చేసుకున్నాను. మందు తీసేసిన తూటాను జేబులో వేసుకుని, మెరుస్తున్న తుపాకీతో ఇంట్లోకి నడిచాను.

పంచవర్ణం రాగులు చెరుగుతోంది. "చూడు, పులి దూకినప్పుడు పేలని తూటా!" అన్నాను.

ఆమె దాన్ని తీసుకుని ఆ గుంటను బొటనవేలితో తడిమింది.

"ఇది పులికి కాదు బావా. మా అత్తకు."

"ఏమంటాండావు?"

"సంగటి చల్లారిపోయిందని. మిట్టమద్దేన్నం మామ తాగొచ్చి, గురిపెట్టి నొక్కినాడు. టిక్కుమనింది, అంతే. ఆయనేమో పోయి పండుకున్నాడు. అత్త ఉప్పూ చింతపండూ పిసికి దాంట్లో పోసింది, మళ్లీ తెరుచుకోకూడదని. ప్రతి ఆయుధపూజకూ పోసింది. పోయేముందర నాకు చెప్పి పోయింది."

పిడి బిగుసుకున్న తుపాకీని నాన్న ఎన్నడూ రిపేరుకు ఎందుకు ఇవ్వలేదో అప్పుడు అర్థమైంది. తెరిస్తే ఏం బయటపడుతుందో ఆయనకు తెలుసు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నమ్మింటావా? పులి కొడుకువి."

"నేనెక్కడుండాను అప్పుడు?"

"అత్త ఒళ్లో. పాలు తాగతా ఉండావు."

తుపాకీని చాపమీద పెట్టి కూర్చుండిపోయాను. 'తుపాకీ దించమంటావా' అని నేనన్న మాటలన్నీ ఒక్కటొక్కటే గుర్తొచ్చాయి. పంచవర్ణం మొహంలోకి చూడడానికి సిగ్గేసింది. నాన్న మీద కోపం వచ్చింది, అంతకంటే నా మీద అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరమూ స్టేషనుకు పోయాం. అక్కడ రాతపని చూసే రైటరు డ్రాయరులోంచి, అప్పటికే రాసి పెట్టిన కాగితం ఒకటి తీశాడు.

"మీ ఇంటామె పోయిన నెలే వచ్చింది. తయారీ, నంబరు లేకుండా తీసుకోలేమని పంపించినాము," అన్నాడు.

నేను పంచవర్ణం వైపు తిరిగాను.

"నేను తోమితే నీకు అనుమానమొచ్చేది," అంది నెమ్మదిగా. "నువ్వే బాగా తోమినావు."

రైటరు నంబరు రాసుకున్నాడు. పిడిని ఆడించి చూసి మెచ్చుకున్నాడు. "ఇంత మంచి సరుకును ఎందుకు ఇచ్చేస్తాండారు? కారణం రాయాలి."

"మా ఆవిడకు ఇష్టం లేదని రాయండి," అన్నాను తల దించుకుని.

రైటరు మూతి దాచుకుని నవ్వాడు.

"నాకు కాదు సార్," అంది పంచవర్ణం. "వాళ్లమ్మకు ఇష్టం లేదని రాయండి."

"ఆమెను పిలుచుకోని రండి, సంతకం కావాల."

"ఆమె చనిపోయి నాలుగేండ్లయింది."

రైటరు కలం ఆపి, ఈవిడేమిటి ఇలా అంటోందన్నట్టు నా వైపు చూశాడు.

"ఆమె చెప్పినట్టే రాయండి సార్," అన్నాను. "మా అమ్మ తరఫున నేను పెడతాను సంతకం."