ఫెయిల్ అనే మాట కనబడకూడదు

ఆ రోజు ఉదయం హెప్సిబా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి ఉచిత బ్యాచ్ ప్రవేశ పరీక్ష ఫలితాలు వెబ్‌సైటులో పెట్టాలి, సాయంత్రానికి విశ్వేశ్వరరావు సారుతో తన ఉద్యోగం పర్మనెంటు అనిపించుకోవాలి. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆయన కోచింగ్ సెంటరుకు సైటు రాసిపెట్టింది ఆమే. సీట్లు అరవై, పరీక్ష రాసినవాళ్లు నాలుగు వేలు.

సారుకు ఒక పట్టింపు ఉంది. తన సంస్థలో ఫెయిల్ అన్న మాట ఎక్కడా కనబడకూడదు. కిందటి నెల, వివరాలన్నీ దాచి ఉంచే డేటాబేస్ సైటుకు అందక తెర మీద "కనెక్షన్ ఫెయిల్డ్" అని పడితే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఏంటమ్మా ఇది? పిల్లలు చూస్తే ఏమైపోతారు? ఏదైనా శుభం పలికేట్టు రాయండి!"

హెప్సిబా అలాగే రాసింది. డేటాబేస్ అందకపోతే ఇక పేజీలో వచ్చేది ఇదే: "అభినందనలు! మీరు సరైన చోటికి వచ్చారు."

తొమ్మిదయింది. నాలుగు వేల మంది ఒక్కసారిగా తమ నంబర్లు కొట్టారు. డేటాబేస్ చేతులెత్తేసింది. అందరికీ అభినందనలు అందాయి. ఆ సంగతి విని చుట్టాలూ పక్కింటివాళ్లూ తామూ చూద్దామని సైటు తెరిచారు. అది మరింత కూలబడింది, అభినందనలు మరింత పెరిగాయి.

పదిన్నరకు ఎల్‌బీనగర్ వైపు నుంచి డప్పులు వినిపించాయి. హెప్సిబా కిటికీ తెరిచింది. మెట్రో స్తంభాల కింద కనుచూపు మేర జనం. చేతుల్లో దండలు, స్వీటు డబ్బాలు. కొందరి నుదుట కర్మన్‌ఘాట్ హనుమంతుడి సిందూరం ఇంకా ఆరనే లేదు. బాటసింగారం మార్కెట్‌లో పళ్లమ్ముకునే కౌసల్యమ్మ బత్తాయిల గంపతో మూడంతస్తులు ఎక్కి వచ్చి, దాన్ని హెప్సిబా కాళ్ల దగ్గర దించింది.

"మా మహేష్ మూడుసార్లు తప్పిండు బిడ్డా. గీసారి నీ కంప్యూటరే మమ్ముల గట్టెక్కిచ్చింది," అని కళ్లు తుడుచుకుంది.

తాను రాసిన ఒక్క వాక్యం ఇంతమందిని నడిపించిందా అని హెప్సిబాకు ఒళ్లు జలదరించింది. వెంటనే ఉద్యోగం గుర్తొచ్చి భయం వేసింది. డేటాబేస్ ఒకేసారి తట్టుకునే కనెక్షన్ల పరిమితి పెంచింది. డేటాబేస్ లేచి కూర్చుంది, అసలు ఫలితాలు రాసాగాయి. తల్లి వెనకే మెట్లెక్కి వచ్చిన మహేష్ ఫోనులో "ఎంపిక కాలేదు" అని పడింది. వీధిలో డప్పులు ఆగిపోయాయి.

"జర చూడు బిడ్డా, పొద్దున మంచిగనే ఉండె. ఇప్పుడే ఖరాబైంది," అంది కౌసల్యమ్మ. కింద వేల గొంతులు అదే అడుగుతున్నాయి: "సైట్ బాగుచెయ్యుండ్రి!"

సారు పరుగున వచ్చారు. హెప్సిబా ఉన్నదంతా చెప్పేసి తల వంచుకుంది. ఆయన కిటికీలోంచి కిందికి చూశారు. ఇరవై ఏళ్లలో తన గుమ్మం ముందు అంత నమ్మకం ఆయన ఎన్నడూ చూడలేదు. కళ్లు చెమర్చాయి.

"అందరినీ చేర్చుకుందాం. పక్క గ్రౌండులో షామియానా వేయించండి. ఆ పొద్దుటి పేజీయే మళ్లీ పెట్టండి. మీ ఉద్యోగం పర్మనెంటు."

"మరి డేటాబేస్ ఎట్ల సార్?"

"దానికి సెలవివ్వండి."

మర్నాడు క్లాసులు మొదలయ్యాయి. నిజంగా ఎంపికైన అరవై మంది షామియానాలో చోటు దొరక్క, బయట నిలబడి పాఠం విన్నారు.