చుక్కికి పచ్చి కార్జం

ఆ రోజు ఉదయం స్తెఫను అనుకున్నది పెద్ద పనేమీ కాదు. దుకాణం తీసే ముందు కోడి కార్జం కొనాలి, ఇంటికి తెచ్చి పచ్చిగానే చిన్న ముక్కలు కోయాలి, పిల్లి చేత తినిపించాలి. కొనడానికీ కోయడానికీ భయం లేదు. తినిపించడం గురించే రాత్రంతా సరిగా నిద్ర పట్టలేదు.

స్తెఫను నారాయణఖేడ్ బస్టాండు వెనక సందులో దర్జీ. బడి తెరిచే రోజుల్లో యూనిఫారాలతో చేతినిండా పని ఉంటుంది, తర్వాత చిరుగులూ కుట్లూ మిగులుతాయి. ఆయన భార్య ఎలీసబెతు పోయిన ఎండాకాలంలో చనిపోయింది. కడుపునొప్పిని చాలాకాలం ఎవరికీ చెప్పకుండా దాచింది. చెప్పేటప్పటికి డాక్టర్లకు చేయడానికి ఏమీ మిగల్లేదు. ఆమె వదిలి వెళ్లిన వాటిలో ఊపిరి ఉన్నది ఒక్కటే, నుదుటి మీద నల్లచుక్క ఉన్న తెల్లపిల్లి. దాన్ని ఆమె చుక్కి అని పిలిచేది. ఇప్పుడు ఆయన పిలుస్తున్నాడు.

కొన్నాళ్లుగా చుక్కి తిండి ముట్టడం లేదు. ఆయన రోజూ దాని కోసమే పొయ్యి వెలిగించి అన్నం వండి, పాలు కలిపి, ఎలీసబెతు వాడిన స్టీలు ప్లేటులోనే పెట్టేవాడు. అది వాసన చూసి, మర్యాదగా పక్కకు తప్పుకొని బయటికి వెళ్లిపోయేది. కుట్టు మిషను కింద దాని వెంట్రుకలు రాలుతున్నాయి. ఆయనకు మాత్రం బస్టాండులో చాయ్, బన్ను సరిపోయేవి. పిల్లికి వండిన అన్నంలో తనూ కాస్త తినవచ్చని ఆయనకు తోచలేదు. సూదిలో దారం ఎక్కించడానికి ఈమధ్య నాలుగైదు సార్లు ప్రయత్నించవలసి వస్తోంది. దుకాణంలో వెలుతురు తగ్గిందనుకున్నాడు.

ముందురోజు చుక్కిని బుట్టలో పెట్టుకొని పశువుల దవాఖానకు వెళ్లాడు. డాక్టర్ అప్పుడే ఒక బర్రెకు పరీక్ష ముగించి, మోచేతి దాకా చేతులు కడుక్కుంటున్నాడు. బుట్టలోకి చూసి కాసేపు ఆలోచించాడు. ఆ దవాఖానకు పిల్లి రావడం అరుదు.

"బరువేం తగ్గలే," అన్నాడు దాన్ని ఎత్తి చూసి. "వయసైంది, గంతే. పాలన్నం పిల్లి తిండి గాదు. పచ్చి మాంసం పెట్టి సూడు. ఉన్నన్ని దినాలు మంచిగుంటది."

బరువు సంగతి స్తెఫను చెవిన పడలేదు. 'ఉన్నన్ని దినాలు' అన్న మాట ఆయన ఇదివరకు ఒకసారి, ఒక పెద్ద ఆసుపత్రి వరండాలో విన్నాడు. బుట్ట మూత వేసి, రెండు చేతులతో పట్టుకొని ఇంటికి నడిచాడు.

పిల్లుల కోసం అమ్మే పొట్లాం ధర దారిలో ఒక దుకాణంలో అడిగి, దాన్ని గాజు వస్తువులా జాగ్రత్తగా మళ్లీ అరలో పెట్టేశాడు. కోడి మాంసం రోజూ కొనడం కూడా తన వల్ల కాదు. కార్జం, గుండెకాయ చవక. ఆ లెక్కతోనే పొద్దున్నే ధర్మేందర్ చికెన్ దుకాణానికి వెళ్లాడు.

"ఏం గావాలె అన్నా?" అన్నాడు ధర్మేందర్, కత్తి నూరుతూ.

"కార్జం. గుండెకాయలు గూడ ఉంటె వెయ్యి. పసుపు గిట్ల పెట్టకు. పచ్చిదే గావాలె."

ధర్మేందర్ కత్తి ఆపాడు. స్తెఫను ఒంటరివాడనీ, కూర వండుకోవడం రాదనీ సందులో అందరికీ తెలుసు. "ఎవలకన్నా?"

వెనక నలుగురు నిలబడి ఉన్నారు. అందులో ఇద్దరు కూలి పనికి బయలుదేరుతూ పావుకిలో చికెన్ కోసం వచ్చినవాళ్లు. వాళ్ల ముందు పిల్లికి అని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

"డాక్టర్ చెప్పిండు," అన్నాడు నెమ్మదిగా.

ధర్మేందర్ ఆయన ముఖం వైపు చూశాడు. పెదవులు తెల్లగా ఉన్నాయి, కళ్ల కింద గుంతలు పడ్డాయి. రక్తం తక్కువైన వాళ్లకు, బాలింతలకు, టీబీ వచ్చిన వాళ్లకు కార్జం పెట్టమంటారని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇంకేమీ అడగలేదు. కవరులో మరో గుప్పెడు వేశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

"మంచిగైనంక ఇద్దువు తియ్యి," అన్నాడు.

స్తెఫను డబ్బులు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. చుక్కి సంగతి ఇతనికి కూడా తెలిసిపోయిందన్నమాట. బేరం మీద బతికే మనిషి ఊరికే ఇస్తున్నాడంటే, అది ఇక బతకదనే కదా.

ఇంటికి వచ్చి కార్జం ముక్కలు కోసి ప్లేటులో పెట్టాడు. చుక్కి నీళ్ల కుండ వెనక్కి వెళ్లి కూర్చుంది. ఆయన వంటింట్లో గొంతుకూర్చొని, ఒక ముక్క వేళ్లతో పట్టుకొని, బతిమాలాడు. అది కదల్లేదు. చంటిపిల్లలకు తినడం చూపించినట్టు చూపిస్తే నేర్చుకుంటుందేమోనని ఆ ముక్కను తన నోటి దగ్గరికి తెచ్చుకొని, నోరు బాగా తెరిచి, "ఆ… గిట్ల తినాలె. ఎంత కమ్మగుంటదో," అన్నాడు. నమిలినట్టు దవడలు ఆడించాడు. పెదవులు కూడా తుడుచుకున్నాడు.

అదే సమయంలో పక్కింటి హన్మమ్మ ఎండిన కట్టెల కోసం పెరట్లోకి వచ్చింది. వంటింటి కిటికీ తెరిచి ఉంది. కిటికీలోంచి ఆమెకు స్తెఫను కనిపించాడు, ఎర్రని పచ్చి కార్జం కనిపించింది, తెరిచిన నోరు కనిపించింది. కుండ వెనక పిల్లి మాత్రం కనిపించలేదు. కట్టెలు అక్కడే వదిలి, చప్పుడు చేయకుండా వెనక్కి నడిచింది.

హన్మమ్మ సందు మొదట్లో జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఆ సందులో ఎవరు ఎటు వెళ్లాలన్నా ఆమె పొయ్యి పక్కనుంచే వెళ్లాలి. కాబట్టి మధ్యాహ్నం కాకముందే కబురు అందరికీ అందింది.

సాయంత్రం ఆమె ఖర్జూరాలు, బీట్‌రూట్ గడ్డలు కొంగులో కట్టుకొని వచ్చి గడపలో కూర్చుంది.

"ఎట్లున్నది అన్నా?" అంది.

ఎవరికి అని గాని, ఏ రోగం అని గాని అనలేదు. ఆ సందులో రోగం పేరు రోగి ముందు ఎత్తరు. ఎత్తితే పిలిచినట్టు అనుకొని అది ఇంకా లోపలికి వస్తుందంటారు. స్తెఫనుకు మాత్రం చుక్కి తప్ప మరో ధ్యాస లేదు.

"ఏమున్నది చెల్లె. తిండి పోతలేదు. పాలు గూడ గొంతు దిగుతలేవు."

"డాక్టర్ ఏమన్నడు?"

"వయసైందన్నడు. పచ్చిదే పెట్టాలన్నడు. ఉడకబెడితె బలం పోతదేమో."

"అమ్మో! ఏ దవాఖాన్ల చెప్పిన్రన్నా గిట్ల?"

"గీ సర్కారు దవాఖాననే." పశువులది కూడా సర్కారుదే. ఆయన అబద్ధం చెప్పలేదు.

హన్మమ్మ ముక్కు చీదింది. "గింత దాసుకుంటరా? మాకొక్క మాట చెప్పొద్దా?"

"ఎవలకని చెప్పాలె చెల్లె? వింటె నవ్వుతరు."

"నవ్వుతరా! గా నవ్వెటోని పండ్లు రాలగొడ్త. నువ్వు పరేషాన్ గాకు. బోరంచ నల్లపోచమ్మకు కోడిని మొక్కిన. నీది యేసుదేవుడైనా సరే, నేను మొక్కిన, నేనే ఇస్త."

ఆమె వెళ్లాక స్తెఫను చాలాసేపు కూర్చుండిపోయాడు. తన పిల్లి కోసం పక్కింటామె దేవతకు కోడిని మొక్కింది. ఖర్జూరాలు ఎందుకు తెచ్చిందో మాత్రం అర్థం కాలేదు. అయినా ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టం లేక, ఒకటి గింజ తీసి చుక్కి ప్లేటులో పెట్టాడు.

చుక్కి ఖర్జూరమూ తినలేదు, కార్జమూ తినలేదు. ముట్టని కార్జాన్ని ఆయన రోజూ పెరటి గోడ అవతలికి విసిరేవాడు. రెండో రోజే అక్కడికి ఒక కుక్క వచ్చింది. ఆ తర్వాత దాని చుట్టాలన్నీ వచ్చాయి. పొద్దుగూకే వేళ అవన్నీ స్తెఫను ఇంటి ముందు కూర్చొని, కార్జం ఆలస్యమైతే మోరలెత్తి ఏడ్చేవి. ఇంటి ముందు కుక్కలు ఏడిస్తే ఏమవుతుందో సందులో అందరికీ తెలుసు. తల్లులు పిల్లల్ని లోపలికి పిలిచి తలుపులు వేసుకున్నారు. చీకటి పడకుండానే సందు నిశ్శబ్దమైపోయేది. స్తెఫను కూడా లోపల గడియ పెట్టి, చుక్కిని ఒడిలో పెట్టుకొని, దాని పక్కటెముకల మీద చెయ్యి వేసి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటూ కూర్చునేవాడు. ఆ కుక్కలు దేనికోసం వచ్చాయో ఆయనకు తెలుసు. అయినా ఆ ఏడుపు వింటే చుక్కిని ఇంకా దగ్గరికి లాక్కునేవాడు.

చర్చి నుంచి సలోమి మరో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకొని ప్రార్థన చేయడానికి వచ్చింది. చాప మీద మోకరించి, కొంగు తల మీదికి లాక్కొని మొదలుపెట్టింది.

"తండ్రీ, గీ ఇంట్ల ఒక దీపం ఆరిపోయింది. మిగిలిన గా ఒక్క పానాన్ని కాపాడు. నీ చెయ్యి అడ్డం పెట్టు."

సమాధి దగ్గర కూడా ఏడవని స్తెఫను అప్పుడు ఏడ్చాడు. ఒక పిల్లి ప్రాణం కోసం దేవుణ్ణి ఇంత గట్టిగా అడిగేవాళ్లుంటారని ఆయన అనుకోలేదు. "ఆమెన్" అన్నాడు, అందరికంటే పెద్దగా. ఆ గొంతు విని ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని, కళ్లు దించుకున్నారు.

కబురు పక్క మండలం కంగ్టి దాకా వెళ్లింది. మర్నాడు మధ్యాహ్నం స్తెఫను అక్క సంగమ్మ బస్సు దిగి, చంకలో నాటుకోడితో, బస్టాండు నుంచే ఏడుస్తూ వచ్చింది. ఆ ఏడుపుకు సందంతా ఆమె వెనక నడిచింది. చంకలో కోడి కూడా ఊరుకోలేదు.

"ఒరేయ్ తమ్మీ!" అంది గడపలోనే. "మీ ఇంట్ల దాసుకునుడే రోగంరా! ఆమె దాసి దాసి పాయె. ఇప్పుడు నువ్వు దాస్తున్నవ్. నేనింక బతికే ఉన్ననా లేదా?"

"అక్కా, ఏం దాసిన?"

"పచ్చి కార్జం తింటున్నవట! మనిషన్నోడు తింటడారా? ఏ డాక్టర్ చెప్పిండు? సూపియ్యి, వాని కథ సూస్త."

స్తెఫనుకు ఆ మాటలు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. గడపలో హన్మమ్మ, ఆమె వెనక సలోమి, అరుగు మీద ధర్మేందర్, సందు నిండా జనం. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

"నేనెందుకు తింట? గది చుక్కికి. పిల్లికి."

కోడి ఒక్కటే గట్టిగా అరిచింది.

"పిల్లికా?" అంది సంగమ్మ, గొంతు తగ్గించి. "ఏది పిల్లి?"

స్తెఫను కుండ వెనక చూశాడు. మిషను కింద చూశాడు. పెట్టె మీద, మంచం కింద, బియ్యం డబ్బా పక్కన చూశాడు. చుక్కి ఎక్కడా లేదు.

"మతి తప్పింది," అని గొణిగారు ఎవరో.

ఆయన అది వినలేదు. చావు దగ్గరపడితే పిల్లి ఇల్లు విడిచి, ఎవరికీ కనపడని చోటు చూసుకొని పడుకుంటుందని ఎలీసబెతు ఒకసారి చెప్పింది. చెప్పులు వేసుకోకుండానే బయటికి పరుగెత్తాడు. "చుక్కీ! చుక్కీ!" అని పిలుస్తూ బస్టాండు వైపు పోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు. "ఉరకకు తమ్మీ, ఉరకకు!" అని సంగమ్మ, ఆమె వెనక సందంతా పరుగెత్తారు. కార్జం వేళ అయిందనుకొని కుక్కలన్నీ ఆ గుంపు వెనక పరుగెత్తాయి. ఎలీసబెతు పోయిన రోజున కూడా ఆయన ఇలా పరుగెత్తలేదు. అప్పుడు ఎటు పరుగెత్తాలో తెలియలేదు.

హన్మమ్మ ఇంటి తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల పొయ్యి పక్కన, ఒక మట్టి మూకుడు ముందు, చుక్కి కూర్చొని ఉంది. మూకుడులో పొద్దుటి చేపల కూర, రొట్టె ముక్కలు ఉన్నాయి. అడుగు కనిపించేదాకా నాకి, అది తల ఎత్తి అందరినీ ఒకసారి చూసింది. పొట్ట నేలకు తగులుతోంది.

స్తెఫను గడప పట్టుకొని నిలబడ్డాడు. "గిక్కడ తింటదా ఇది?"

"రోజూ తింటది," అంది హన్మమ్మ, ఎటో చూస్తూ.

"పొద్దుగాల మా ఇంట్ల ఉడకబెట్టిన గుడ్డు తింటది," అంది సలోమి వెనకనుంచి.

"మా దుకాణంల కోడి మెడలు తింటది," అన్నాడు ధర్మేందర్. "నేను మస్తు దినాల సంది పెడుతున్న. నీకు తెల్వదా అన్నా?"

హన్మమ్మ ఇక దాచలేదు. "ఎలీసబెతక్క పోయెటప్పుడు నా చెయ్యి వట్టుకోని చెప్పింది. ఆయనకు, పిల్లికి ఇంత అన్నం పెట్టు హన్మమ్మా అని. నీ మొకం సూస్తె అడగనీకి భయమాయె అన్నా. పిల్లి వచ్చి అడిగింది. దానికి పెట్టిన."

స్తెఫను ఏదో చెప్పబోయాడు. గడప, పొయ్యి, పిల్లి, హన్మమ్మ ముఖం ఒకదాని వెనక ఒకటి నల్లబడ్డాయి. ఆయన నిలబడిన చోటే కూలబడ్డాడు. సంగమ్మ కోడిని ధర్మేందర్ చేతిలో పెట్టి తమ్ముడి తల ఒడిలోకి తీసుకుంది. "ఆటో తీస్కరాండ్రి, జల్దీ!" అని ఆమె వేసిన కేకకు కుక్కలు కూడా పక్కకు తప్పుకున్నాయి.

ఈసారి తీసుకెళ్లింది మనుషుల దవాఖానకు. రక్తం తీసి పరీక్ష చేశారు. డాక్టరమ్మ కాగితం చూసి, ఆయన కనురెప్ప కిందికి లాగి చూసి, మళ్లీ కాగితం చూసింది.

"ఉండవలసిన దాంట్ల సగం రక్తం గూడ లేదు. ఏం తింటున్నవ్ నువ్వు?"

"చాయ్… బన్ను."

"ఎప్పటి సంది?"

సంగమ్మ చెప్పింది. "పోయిన ఎండాకాలం సంది."

డాక్టరమ్మ కాగితం మడిచి పక్కన పెట్టింది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఈ మనిషిని మోసుకొచ్చినా తాను చేయగలిగింది పెద్దగా ఉండేది కాదని సంగమ్మను పక్కకు పిలిచి చెప్పింది. సంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బయట బల్ల మీద సందులో సగం మంది కూర్చొని ఉన్నారు. ధర్మేందర్ ఒళ్లో కోడి నిద్రపోతోంది.

"మొక్కు ఎట్ల మరి?" అని అడిగాడు అతను హన్మమ్మను. "గా కార్జం పిల్లికాయె."

"అన్న పానం నిలవాల్నని మొక్కిన, నిలిచింది. పోచమ్మ దగ్గర వాపస్ ఉంటదా?" అంది ఆమె. "పిల్లి మొకం సూసి నేనెన్నడు మొక్కలే."

డాక్టరమ్మ మాత్రలు రాసింది, టానిక్కు రాసింది. తిండి దగ్గర కోడి కార్జం, ఆకుకూరలు అని రాసింది. అప్పటికి సందులోని మాట దవాఖాన దాకా వచ్చినట్టుంది. చీటీ ఇవ్వబోయి ఆగి, మళ్లీ వెనక్కి తీసుకొని, కార్జం పక్కన 'ఉడికించి' అని రాసి, కింద రెండు గీతలు గీసింది.