నీళ్లు చొరని డబ్బా

సరిగ్గా తొమ్మిదీ ఇరవైకి మా ఆవిడ ఫోన్ పెట్టేసి ఒకే ఒక్క మాట అంది.

"తమ్ముడు వస్తున్నాడు. పదకొండింటికి."

నేను టీ కప్పు కింద పెట్టేశాను.

"ఆదివారం పూట పాపం వాణ్ణెందుకు కదిలించడం?"

"ఫ్లష్ ట్యాంకు మూడు రోజులుగా కారుతోంది కాబట్టి. మీకు వినపడ్డం లేదా?"

వినపడుతోంది. బాత్రూంలోంచి సర్ర్‌ర్‌మని ఒకటే శబ్దం. పైనుంచి నీళ్లు నిండుతున్నాయి, అడుగునుంచి కమోడ్‌లోకి జారిపోతున్నాయి. ట్యాంకు నిండదు, శబ్దం ఆగదు. ఏటి ఒడ్డున కాపురం పెట్టినట్టుంది.

మా బావమరిది ప్లంబరు. ఇరవై నాలుగు గంటలూ వెనక జేబులో పానా ఉంటుంది కాబట్టి చుట్టాలందరూ వాణ్ణి పానా అనే పిలుస్తారు. నా పెళ్లి ఫోటోలో వెనక వరసలో నిలబడ్డాడు. అందులో కూడా జేబులోంచి పానా తల కనిపిస్తూనే ఉంటుంది. ఈ రెండు నెలలుగా వారానికోసారి ఏదో నెపంతో వచ్చి, వాళ్లక్కతో గుసగుసలాడి, దవడ ఆడిస్తూ వెళ్తున్నాడు. కాస్త ఒళ్లు కూడా చేశాడు.

వాడు పని మొదలుపెట్టాడంటే అంతు చూడందే వదలడు. మూత తీస్తాడు. లోపలికి తొంగి చూస్తాడు. చెయ్యి పెడతాడు.

అదే నా భయం. ఎందుకంటే ఆ ట్యాంకులో నా డబ్బా ఉంది. డబ్బాలో చాక్లెట్లున్నాయి.

నవ్వకండి. ముందు సంగతి వినండి.

మూడు నెలల కిందట డాక్టరు నా షుగర్ రిపోర్టు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ సాయంత్రమే ఇంట్లో ఒప్పందం కుదిరింది. కుదిరింది అంటే, మా ఆవిడ చెప్పింది, నేను తలూపాను. "ఒక్క తీపి ముక్క దొంగచాటుగా తిన్నారని తెలిసిందా, మర్నాటి నుంచి రోజూ పొద్దున ఐదు నుంచి ఆరు దాకా మా నాన్నతో నడక."

గంట నడవడానికి నాకేం అభ్యంతరం లేదు. మామగారితోనే అభ్యంతరం. ఆయనకి పిత్తాశయంలో రాయి తీశారు. తీసి పదకొండేళ్లయింది. ఆ కథ ఆయన ఆస్పత్రి గేటు దగ్గర ఆటో దిగడంతో మొదలుపెడతారు. పోయిన ఏడాది ఒక పెళ్లిలో నాకు నాలుగు గంటలు చెప్పారు. ఇంకా మత్తు ఇంజక్షన్ దాకా రాలేదు.

అయినా నాలుక ఊరుకుంటుందా? దాచడానికి చోటు కావాలి. మా ఆవిడ మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజరు. వెయ్యి అట్టల్లో ఒక్క మాత్ర తక్కువున్న అట్టని దూరం నుంచే పట్టేస్తుంది. ఒప్పందానికి ముందు నేను బీరువాలో దాచినవి గంటలో దొరికాయి. బూట్లలో దాచినవి అరగంటలో దొరికాయి. గోడ గడియారం వెనక దాచినవి నేను స్టూలు దిగేలోపే దొరికాయి.

కానీ నేను సామాన్యుణ్ణా? పాతికేళ్లుగా వాచీలు బాగుచేస్తున్నవాణ్ణి. నీళ్లలో పడేసినా లోపలికి తడి చేరకుండా వాచీ వెనక మూత ఎలా బిగించాలో నాకు తెలుసు. గుండ్రటి స్టీలు డబ్బా ఒకటి తీసుకున్నాను. మూతకి రబ్బరు రింగు వేశాను. రింగు మీద వాచీలకి వాడే గ్రీజు పూశాను. వాచీకి ఆవగింజంత చాలు. డబ్బా పెద్దది కదా అని నిమ్మకాయంత పూశాను. తెరిచి మూసిన ప్రతిసారీ మళ్లీ కొత్తగా పూశాను.

రోజూ షాపు నుంచి రాగానే ఒకటి. అయిపోగానే మళ్లీ కొని నింపడం. ఈ మధ్య కాస్త చేదుగా అనిపించేవి. దొంగతనంగా తినేవాటికి ఆ మాత్రం చేదు ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను. విచిత్రమేమిటంటే, పోయిన నెల పరీక్షలో షుగర్ తగ్గింది! డాక్టరు భేష్ అన్నాడు. చాక్లెట్ తింటే తగ్గే ఒళ్లు నాదొక్కడిదేనని నాకు లోలోపల మహా గర్వంగా ఉండేది.

ఇప్పుడు ఆ గర్వమంతా పదకొండింటికి పానా చేతికి చిక్కబోతోంది.

"వాణ్ణి రావద్దను. ట్యాంకు నేను బాగుచేస్తాను" అన్నాను.

"మీరా?"

"నూట ముప్పై భాగాలున్న వాచీని విప్పి బిగించేవాణ్ణి. ట్యాంకులో ఎన్నుంటాయి? ఆరు!"

"మొన్న కుర్చీ కాలు బిగించారు. అప్పట్నుంచి దానిమీద బట్టలు ఆరేస్తున్నాం."

"అది చెక్కపని. ఇది యంత్రం."

"సరే. పదకొండు దాకా మీదే. ఆగితే మంచిదే. ఆగకపోతే పానా చూస్తాడు."

ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

పథకం సులువైనది. తలుపు గడియ పెట్టాలి. డబ్బా తియ్యాలి. చొక్కాలో దోపుకోవాలి. ఆ తర్వాత పానా వచ్చి ట్యాంకుని ముక్కలుగా విప్పుకున్నా నాకు పోయేదేం లేదు. చూసేవాళ్లకి నమ్మకం కలగాలని కంటికి భూతద్దం బిగించుకున్నాను. చేతిలో సన్నటి పట్టకారు, పంటిపుల్లంత స్క్రూడ్రైవరు పట్టుకుని శస్త్రచికిత్సకి వెళ్తున్నవాడిలా బాత్రూంలోకి నడిచాను.

గడియ వేశాను. ట్యాంకు మూత ఎత్తి పక్కన పెట్టాను. లోపలికి చూశాను.

డబ్బా ఉంది. కానీ పెట్టిన చోట లేదు! పక్కకి జరిగి, నీళ్ల మీద తేలే బంతికీ గోడకీ మధ్య మేకు కొట్టినట్టు ఇరుక్కుంది.

పట్టుకున్నాను. గ్రీజుకి జారింది. రెండు చేతులా పట్టుకున్నాను. మళ్లీ జారింది. పట్టకారుతో పట్టుకున్నాను. పట్టకారు నీళ్లలో పడింది.

"ఎంతవరకు వచ్చింది?" తలుపు బయట మా ఆవిడ.

"లోపం కనిపెట్టాను!"

"ఏమిటది?"

"చెబితే నీకర్థం కాదు!"

"అడుగున రబ్బరు బిళ్ల పాడైందా?"

ఈవిడకి ఇవన్నీ ఎలా తెలుసు? "దానికి దగ్గర్లోనే!" అని అరిచాను.

టైము పదీ పది. ఇక మొహమాటపడితే లాభం లేదు. ఒక కాలు గోడకి తన్నిపెట్టాను. పళ్లు బిగించాను. బలమంతా కూడదీసుకుని ఒక్క లాగు లాగాను.

టప్!

డబ్బా నా చేతికొచ్చింది. దాంతోపాటు బంతి వచ్చింది. బంతితోపాటు దాని కడ్డీ, కడ్డీతోపాటు అది బిగించి ఉన్న ప్లాస్టిక్ ముక్కా వచ్చాయి. ఆ ముక్క ఉండాల్సిన చోటునుంచి నీళ్లు నిట్టనిలువునా లేచి సీలింగుని కొట్టాయి. అక్కడినుంచి నా నెత్తిన పడ్డాయి. ఒక కంటికి భూతద్దం ఉంది కదా, ఒక్కో చుక్కా పుచ్చకాయంత కనపడుతూ మీదికొస్తోంది!

బొటనవేలు అడ్డం పెట్టాను. ధార పక్కకి తిరిగి అద్దాన్ని కడిగింది. అరచెయ్యి పెట్టాను. అయిదు ధారలయ్యాయి. ట్యాంకు కింద గోడకి చిన్న కుళాయి ఉంటుందనీ, పని మొదలుపెట్టే ముందు దాన్ని కట్టేయాలనీ నాకు తర్వాత తెలిసింది. వాచీకి అలాంటి కుళాయి ఉండదు.

"ఏమిటా శబ్దం?"

"ఏం లేదు! నీళ్ల ఒత్తిడి పరీక్షిస్తున్నాను!"

"మీ ఒత్తిడి తలుపు కిందినుంచి హాల్లోకి వస్తోంది."

"అంతా అదుపులోనే ఉంది!"

"నా చెప్పు తేలుతోందండీ."

ఉన్నట్టుండి ధార కుంగింది. చుక్కలైంది. ఆగింది. నా ప్రతిభేనేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను.

"మెయిన్ వాల్వ్ కట్టేశాను" అంది మా ఆవిడ తాపీగా. "ఇక బయటికి రండి."

అదే క్షణంలో కాలింగ్ బెల్ మోగింది. పానా! అరగంట ముందే! గబగబా డబ్బాని చొక్కా లోపలికి దోపి, చేతులు కట్టుకుని, చినుకులు రాలుస్తూ బయటికొచ్చాను.

పానా నన్ను కిందినుంచి పైకి చూశాడు. దవడ ఆడుతూనే ఉంది.

"ట్యాంకులోకి నువ్వే దిగావా బావా?"

"పని చూసుకో."

"పొట్టేంటి, ఇలా ఉబ్బింది?"

"గాలి. పొద్దున టీ పడలేదు."

వాడు లోపలికెళ్లాడు. రెండు నిమిషాల తర్వాత నల్లటి రబ్బరు బిళ్ల పట్టుకుని వచ్చి కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. అది ఉబ్బి, వానలో తడిసిన అట్టముక్కలా వంకర తిరిగి ఉంది.

"ఇది నేను వేసి ఆరు నెలలు కూడా కాలేదు. జిడ్డు తగిలితేనే ఇలా ఉబ్బుతుంది. ఉబ్బాక సరిగ్గా మూసుకోదు. అందుకే మూడు రోజులుగా కారుతోంది. ట్యాంకులోకి జిడ్డు ఎలా వచ్చింది బావా?"

"నీళ్లలో వచ్చుంటుంది. ఈ మధ్య నీళ్లెలా తగలడుతున్నాయో చూడ్డం లేదూ?"

పానా బిళ్లని మా ఆవిడ ముక్కు దగ్గర పెట్టాడు. "వాసన చూడక్కా."

"మీ బావ చొక్కాల వాసన" అంది.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. "నేనా ట్యాంకు దరిదాపులకి కూడా పోను!"

"ఇప్పుడెక్కణ్ణుంచి వస్తున్నారు?"

"అంటే... ఇవాళ తప్ప."

మా ఆవిడ నన్ను జాలిగా చూసింది. తువ్వాలు తెచ్చింది. "పాపం, ముద్దయిపోయారు. చేతులు పైకెత్తండి, తుడుస్తాను."

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు. కరిగిపోయి చేతులెత్తాను.

ఠంగ్!

గ్రీజు పూసిన డబ్బా చొక్కాలోంచి జారి నేలమీద పడింది. పడి ఊరుకుందా? గుండ్రటిది కదా, హాలంతా దొర్లి, సోఫా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, పానా కాలి దగ్గర పడుకుంది.

ఇంకా ఒక ఆశ ఉంది. ఆ మూత బలం మీద రాదు. ముందు అదిమి, ఎడమకి పావు వంతు తిప్పి, అప్పుడు లాగాలి. ఆ కిటుకు లోకంలో నాకొక్కడికే తెలుసు.

పానా వంగి డబ్బా తీసుకున్నాడు. అదిమాడు. ఎడమకి పావు వంతు తిప్పాడు. లాగాడు.

తెరుచుకుంది.

"నీకు... నీకెలా తెలుసు?" అన్నాను.

"రెండు నెలల నుంచి తెరుస్తున్నాను కదా బావా!"

మా ఆవిడ సోఫాలో కూర్చుంది. "నా చేతి కింద నలభైమంది పనిచేస్తారు. వాళ్లలో ఎవరు దేనికి బాత్రూంకి వెళ్తారో నడక చూసి చెప్పగలను. మీరు షాపు నుంచి రాగానే చెప్పులు కూడా విడవకుండా లోపలికి దూరడం, ఏడు నిమిషాలకి మూతి కడుక్కుని రావడం! మొదటి వారంలోనే మూత ఎత్తి చూశాను."

"మరి అప్పుడే అడగొచ్చుగా?"

"అడిగితే ఏంచేస్తారు? ఇంకోచోట దాస్తారు. వెతికే ఓపిక నాకెక్కడిది? అందుకే మీవి తీసేసి, చక్కెర లేని చాక్లెట్లు తెచ్చి, మీ కాగితాల్లోనే చుట్టి పెట్టాను. మీరు నింపినప్పుడల్లా తమ్ముణ్ణి పిలిచి మార్పించాను. ఒక్క మడతైనా తేడా కనిపెట్టారా?"

లేదు. రోజూ భూతద్దంతో బతికేవాణ్ణి, ఒక్క మడత కనిపెట్టలేదు. నా ఒంటి మహిమ, డాక్టరు మెచ్చుకోలు, అంతా గ్రీజులా కరిగిపోయింది.

"మరి నా అసలు చాక్లెట్లు?"

పానా దవడ ఠక్కున ఆగింది.

వాడు గుటక మింగి, "ఈసారి బాదం ఉన్నవి తెచ్చుకో బావా" అంటూ పానా తీసుకుని లోపలికి పోయాడు.

మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టు నాకు ఒక వాదన దొరికింది. ఎగిరి గంతేశాను. "ఆగు! చక్కెర లేనివే కదా నేను తిన్నది? అయితే తీపి తిననట్టే! ఒప్పందం తప్పలేదు! నడక లేదు!"

"మీరు ఏమనుకుని తిన్నారు?"

నేను తువ్వాలుతో తల తుడుచుకున్నాను.

"తలుపు గడియ ఎందుకు వేసుకున్నారు?"

నేను భూతద్దం తుడవడం మొదలుపెట్టాను.

"నాన్నకి ఫోన్ చేస్తున్నాను."

పావుగంటలో పానా కొత్త బిళ్ల, కొత్త బంతి బిగించాడు. సర్ర్‌ర్ ఆగిపోయింది. ఇల్లు ఎంత నిశ్శబ్దమైందంటే, పక్క గదిలో మా ఆవిడ ఫోన్‌లో చెప్పిన "పొద్దున సరిగ్గా ఐదింటికి నాన్నా" స్పష్టంగా వినపడింది.

వారం రోజులు నడిచాను. ఏడో రోజుకి మామగారి కథ ఆస్పత్రిలో చీటీ తీసుకునేదాకా వచ్చింది. ఇక లాభం లేదని నా విద్య బయటికి తీశాను. "మీ వాచీ వెనక నడుస్తోంది మామగారూ, ఇలా ఇవ్వండి" అని దార్లోనే దాన్ని అరగంట ముందుకు తిప్పేశాను. ఆయన వాచీలో ఆరు కొట్టగానే చీటీ చేతిలో ఉండగానే కథ ఆపి ఇంటికి తిరిగారు. నిజానికి అప్పుడు అయిదున్నరే! ఆ రోజంతా షాపులో ఈల వేసుకుంటూ పనిచేశాను.

మర్నాడు కాలింగ్ బెల్ మోగింది. కళ్లు తెరిచి గోడ గడియారం చూశాను.

నాలుగున్నర.

ముందుకు తిప్పిన వాచీ నడక ఆపేటప్పుడే కాదు, మొదలుపెట్టేటప్పుడు కూడా ముందే ఉంటుంది. ఇంత చిన్న సంగతి పాతికేళ్ల అనుభవంలో నాకు తట్టలేదు.

బయటికి వచ్చేసరికి గుమ్మంలో మా ఆవిడ వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని వాచీ మర తిప్పుతోంది.

"నిన్న సాయంత్రం మీ ఇంటికొచ్చినప్పుడే చూశాను నాన్నా, అరగంట ముందుంది. పొద్దున వచ్చాక సరిచేద్దామని ఊరుకున్నాను. ఇదిగో, ఇప్పుడు సరిగ్గా నాలుగున్నర. ఆరింటి దాకా బోలెడంత టైముంది."

మామగారి ముఖం వెలిగిపోయింది. నా భుజం మీద చెయ్యి వేశారు.

"గంటన్నరా! అయితే మొదట్నుంచి చెప్పొచ్చు అల్లుడూ. ఆ రోజు ఆస్పత్రి గేటు దగ్గర ఆటో దిగానా..."