అక్క పడకగదిలో పారిశ్రామికవాడ

ప్రభుత్వ భూ ప్రణాళికను తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది! ఆ ప్రణాళికే లేకపోతే మా అక్క పడకగది పారిశ్రామికవాడ అయ్యేదా?

నమ్మరా? వినండి.

మా బావకు లేత్ వర్క్‌షాప్ ఉంది. ఇరవై రెండేళ్లుగా ముందు వీధిలో రేకుల షెడ్డు, వెనక వీధిలో ఇల్లు. కిందటేడు కొత్త మాస్టర్ ప్లాన్ వచ్చింది. షెడ్డున్న వీధికి పసుపు రంగు వేశారు, అంటే నివాసాలు. ఇల్లున్న వీధికి ఊదా, అంటే పరిశ్రమలు. గీత గీసినాయన చెయ్యి రవ్వంత జారిందేమో, మనకెందుకు? రంగులు మాత్రం భలే కుదిరాయి!

షెడ్డుకు నోటీసు అంటించారు. బావ పరుగున ఆఫీసుకెళ్లాడు. ప్లానింగ్ ఆఫీసరుగారు మర్యాదస్తుడు, కుర్చీ వేయించి మరీ చెప్పారు.

"మిషన్ ఇంట్లో పెట్టుకోండి, మీరు షెడ్డులో పడుకోండి. సింపుల్!"

ఎంత ముందుచూపు! బావ క్రేన్ తెప్పించి, గోడ పగలగొట్టించి, లేత్‌ను పడకగదిలో దించాడు. మంచాలు షెడ్డుకెళ్లాయి. ఎండాకాలం రేకుల కింద అక్కకు ఉచితంగా స్టీమ్ బాత్!

వంటగది ఇంట్లోనే ఉండిపోయింది. కాబట్టి అక్క రోజుకు మూడుసార్లు పారిశ్రామిక ప్రాంతం నుంచి నివాస ప్రాంతానికి సరుకు రవాణా చేసేది. ఓ రోజు అన్నంలో ఇనుప రజను కనిపించింది. ఆ గిన్నె పట్టుకుని నేరుగా ఆఫీసుకే వెళ్లింది. తోడు నేనూ వెళ్లాను.

"సార్, ఊరవతల పరిశ్రమలకని నాలుగొందల ఎకరాలు తీసుకుని గోడ కట్టారుగా. అందులో మా మిషన్‌కి ఓ గదంత జాగా ఇవ్వకూడదా?"

"అది రాబోయే పరిశ్రమలకమ్మా."

"ఎప్పుడొస్తాయి?"

"పదకొండేళ్లయింది. రేపోమాపో వచ్చేస్తాయి."

"మాది వచ్చేసిందిగా!"

ఆఫీసరుగారు నిజంగానే బాధపడ్డారు. "అదేనమ్మా చిక్కు. వచ్చేసినవాటికి ప్లాన్‌లో చోటు లేదు."

అక్క ఆ గిన్నె ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చేసింది.

బావ లేత్ అమ్మేశాడు. ఇద్దరు పనివాళ్లకు చెప్పలేక చెప్పలేక చెప్పి పంపేశాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

అయితేనేం, ఇప్పుడు వాళ్ల ఇంట్లో ఏ పరిశ్రమా లేదు కనుక, 'రాబోయే పరిశ్రమ' కింద అప్లికేషన్ పెట్టుకునే అర్హత బావకు వచ్చేసింది! 'ప్రస్తుతం ఏం చేస్తున్నారు?' అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది పాపం. నేనే రాసిపెట్టాను: 'ఖాళీ.'

ఆఫీసరుగారు చూసి మెచ్చుకున్నారు. ఆ నాలుగొందల ఎకరాలకు అచ్చంగా సరిపోయిందట!