గేదె చేపలేదండి

"ఇవాళ్టి నుంచి ఈ ఫారంలో గేదె పొదుగు మీద మనిషి చెయ్యి పడదు" అని మంత్రి అచ్చిబాబుగారు మైకులో సెలవిచ్చేసరికి నిడదవోలు దగ్గర ఆ గవర్నమెంటు పాల ఫారమంతా చప్పట్లు. పడకూడని ఆ చెయ్యి పాపాయిది. ఇరవై రెండేళ్లుగా అక్కడ పాలు పితుకుతోంది. రోబో పాలు తీసిందంటే రేపట్నుంచి రానక్కర్లేదని పొద్దున్నే చెప్పేశారు. అయినా ఆవిడా కొట్టింది చప్పట్లు, పక్కవాళ్లంతా కొడుతున్నారు కదా మరి.

మంత్రిగారికి శాస్త్రమన్నా, సైన్సన్నా సమానమే. రోబోకి బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, జాకెట్టు గుడ్డ కూడా పెట్టించాకే బటన్ నొక్కారు. రోబో చెయ్యి చాచి, బేబి అనే గేదె పొదుగు పట్టుకుంది. బేబి మెడ తిప్పి, పెళ్లిలో ముక్కూమొహం తెలియని చుట్టాన్ని చూసినట్టు చూసింది. పాలు మాత్రం చుక్క రాలేదు.

జాయింట్ డైరెక్టర్ శివరామకృష్ణగారు పశువుల మీద విదేశాల్లో చదివొచ్చిన మనిషి. చెమట తుడుచుకుంటూ వచ్చారు.

"ఏంటి పాపాయీ, ప్రాబ్లం?"

"గేదె చేపలేదండి."

పాలు పొదుగులోకి దించుకుంటే గేదె చేపిందంటాం మనం. ఆయన చదివిన పుస్తకాల్లో ఆ మాట లేదు కాబోలు.

"చేప లేదా?"

"లేదండి. అదయితేనే కదండీ పాలు."

ఆయన మంత్రిగారి చెవిలో ఊదారు. మంత్రిగారు మళ్లీ మైకందుకున్నారు.

"గత ప్రభుత్వం గేదెలకి చేప పెట్టలేదు. మేం పెడతాం."

భీమవరం ఫోన్ వెళ్లింది. గంటన్నరలో ఐసు పెట్టెలతో వ్యాను దిగింది. అరిటాకేసి, బేబి ముందు శీలావతి చేపని పడుకోబెట్టారు. బేబి వాసన చూసి, వెనక్కి గెంతి రోబోని ఒక్క తన్ను తన్నింది.

"దయచేసి సహకరించండి" అంది రోబో, ఆడగొంతుతో.

"ఇప్పుడో?" అన్నారు శివరామకృష్ణగారు.

"ఇంకా చేపలేదండి."

"ఎదురుగా ఇంత చేప కనబడట్లేదా నీకు?"

"కనబడుతోందండి. నేను చెప్పేది గేదె సంగతండి."

"పులస అడుగుతోందేమో, కనుక్కోండి" అన్నారు మంత్రిగారు.

ఈలోగా బేబి పొదుగు రాయైపోయి, అది అరవడం మొదలెట్టింది. నోరు మూసుకుని నించుంటే పాపాయి ఉద్యోగం నిలబడుతుంది. నించుందామనే చూసింది. కాళ్లు వినలేదు. వెళ్లి బేబి మెడ నిమిరి, "రావే నా బంగారం, నేనున్నానుగా" అంది. బేబి చేపింది. రోబో గడగడా ఎనిమిది లీటర్లు లాగేసింది.

"చూశారుగా, మనిషి చెయ్యి పడకుండా" అన్నారు మంత్రిగారు.

"అమ్మా, చెయ్యి అలాగే ఉంచు, నువ్వు మాత్రం కిందకి వంగు. ఫొటోలో పడుతున్నావు" అన్నాడు పేపరతను.

సాయంత్రం పాపాయి క్యారేజీ సంచి సర్దుకుంటుంటే శివరామకృష్ణగారు పిలిచారు.

"రేపు కూడా రావాలి నువ్వు."

"అయితే నా ఉద్యోగం ఉన్నట్టేనాండి?"

"ఎలా ఉంటుందమ్మా? ఇక్కడ మనుషులే లేరని మంత్రిగారు ప్రకటించేశారుగా."

అంటూ రోబో పెట్టెలో మిగిలిన స్టిక్కరొకటి తీసి ఆవిడ జాకెట్టు చేతికి అంటించారు. విడిభాగం, నంబరు పద్నాలుగు.

పాపాయి దాన్ని కాసేపు తడుముకుంది.

"మరి ఎప్పుడైనా ఒంట్లో బాగోకపోతేనండీ?"

"ఏం కంగారు లేదు. కంపెనీవాళ్లొచ్చి మార్చేస్తారు."